అరటిచెట్టు వెనక గొంతు

జానకిరామయ్యగారి గొంతు బాగున్న రోజుల్లో ఆయన ప్రత్తిపాడులో సంకల్పం మొదలుపెడితే పక్క ఊళ్ళో గేదెలు చేపుకొచ్చేవట. నమ్మనివాళ్ళు నమ్మకండి, ఆ పాలు తాగి పెరిగినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఇప్పుడా గొంతు లేదు. గుంటూరులో ఆపరేషన్ చేసి గొంతులో కాయ తీసిన డాక్టరు దాంతోపాటు శబ్దాన్ని కూడా తీసి పారేశాడు. మిగిలింది ఎండు మిరపకాయ తొడిమ తుంచినప్పుడు వచ్చేపాటి చప్పుడు. అయినా ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆయనే చేయిస్తున్నాడు. మంత్రం మైకు హారన్‌లోంచి కంచు మోగినట్టు మోగుతూనే ఉంది.

అదెట్లాగో ఆ ఫాల్గుణ మాసం శనివారం పొద్దున యలమంద ఇంటి ముందు నిలబడినవాళ్ళకి తెలిసేది.

యలమంద మిరప రైతు. వచ్చే శుక్రవారం కూతురు బిందుమాధవి పెళ్ళి. ఆవేళ లగ్నపత్రిక. పక్కనే కల్లంలో కాయ ఎండబోశారేమో, ఆ ఘాటుకి పందిరి మీద వాలిన కాకి కూడా తుమ్మి ఎగిరిపోతోంది. పీట మీద జానకిరామయ్యగారు పట్టుపంచెతో, విభూతి రేఖలతో నిటారుగా కూర్చున్నారు. పెదవులు చకచకా కదులుతున్నాయి. పందిరి గుంజకి కట్టిన అరటిచెట్టు వెనక, బియ్యం బస్తా మీద, కొడుకు మార్కండేయులు కూర్చుని మైకు నోటికి ఆనించుకుని చదువుతున్నాడు. పెదవులు తండ్రివి, గొంతు కొడుకుది. తండ్రి ఎడమచెయ్యి వీపు వెనక ఉంటుంది. చూపుడువేలు ఆడితే వేగం పెంచాలి. అరచెయ్యి తెరిస్తే ఆగాలి. పిడికిలి బిగిస్తే దీర్ఘం తీయాలి. ఆరేళ్ళుగా మార్కండేయులు ప్రపంచాన్ని చూసింది ఆ చేతి మీదుగానే.

మగపెళ్ళివారి వైపు వచ్చిన బుల్లయ్య, పెళ్ళికొడుకు శ్రీకృష్ణకి మేనమామ, మెడ సాచి అరటిచెట్టు వెనక్కి చూశాడు.

"ఏంది బావా, ఆ చదివేదేదో వెనకాయన చదువుతుంటే ముందాయన ఎందుకు?"

"నెమ్మదిగా. ముందాయన సంసారి. వెనకాయన ఆయన కొడుకే, బ్రహ్మచారి. పెళ్ళి కానోడు పీట మీద కూర్చుని పెళ్ళి చేయిస్తే ఎట్టా కుదురుద్ది?" అన్నాడు యలమంద.

"వయసెంతేంది?"

"ముప్పై నాలుగు. బి.ఎ. పాసయ్యాడు."

"బి.ఎ. అంటే బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్ గదా! గవర్నమెంటే బ్యాచిలరని సంతకం పెట్టి ఇచ్చినాక ఇంకెవడిస్తాడు బావా పిల్లని?"

పందిరంతా నవ్వింది. మార్కండేయులు మైకు కట్టెయ్యడం మరిచిపోయి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు రెండు హారన్‌లలోంచి బస్టాండు దాకా వినపడింది. ముందు కూర్చున్న జానకిరామయ్యగారు ఏమాత్రం తొణక్కుండా, నిట్టూర్పుకి తగ్గట్టు రొమ్ము పైకెత్తి దించారు. అదీ ఆయన పనితనం.

డిగ్రీ సంగతి అడిగితే మార్కండేయులు దగ్గర ఒకటే సమాధానం. పౌరోహిత్యం చేసేవాడికి పిల్లనివ్వం, కనీసం డిగ్రీ అయినా లేదు అన్నారు. మైకు పక్కన పుస్తకం పెట్టుకుని దూరవిద్యలో చదివి పాసయ్యాడు. ఇప్పుడు, డిగ్రీ పెట్టుకుని పౌరోహిత్యమేమిటి అంటున్నారు.

"ఇదిగో పంతులుగారూ," అన్నాడు బుల్లయ్య తాంబూలం అందుకుంటూ, "స్నాతకం, కాశీయాత్ర గట్టిగా జరగాల. మావాడి దోస్తుల పెళ్ళిళ్ళ వీడియోల్లో అన్నిట్లో ఉంది. గొడుగు పట్టుకుని కాశీకి పోతుంటే బావమరిది బెల్లంముక్క ఇచ్చి వెనక్కి పిలవాల. చాలా దూరం నడిపించండి, వీడియో ఆయన వెనక్కి నడుచుకుంటా తీస్తాడు."

మైకుసెట్టు సైదా వైర్లు చుడుతూ మార్కండేయులు దగ్గరికొచ్చాడు. "మీ నిట్టూర్పు కూడా రికార్డయింది అయ్యగారూ. తుడిపేస్తాలే. నిరుటి చౌడవరం పెళ్ళి మాత్రం మొత్తం ఉంది నా దగ్గర. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒక్క ముక్క పోలా. ఎప్పుడన్నా మీకు జలుబు చేస్తే పనికొస్తదని దాచా."

"నాకు జలుబు చెయ్యదు సైదా. చేసే తీరిక లేదు," అన్నాడు మార్కండేయులు.

ఆదివారం నాడు తండ్రీ కొడుకూ తల్లి కామేశ్వరమ్మా వేటపాలెం వెళ్ళారు, పెళ్ళిచూపులకి. వీధంతా జీడిగింజలు కాల్చిన వాసన. పిల్ల పేరు భ్రమరాంబ. బి.ఇడి. చదివి అక్కడే ప్రైవేటు బళ్ళో చెబుతోంది. ముప్పయ్యేళ్ళు నిండాయి. తండ్రి శివరామశాస్త్రిగారు రిటైరైన తెలుగు మాస్టరు.

పెద్దవాళ్ళు లోపల పంచాంగాల సంగతి మాట్లాడుకుంటుంటే వీళ్ళిద్దర్నీ వసారాలో కూర్చోబెట్టారు. ఆవిడ చేతిలో మార్కండేయులు ఫోటో ఉంది. గుంటూరు స్టూడియోలో నల్లగౌను తొడిగి, పిలకని టోపీ కింద దాచి తీసింది.

"ఈ గౌను మీదేనా?"

"స్టూడియో వాళ్ళది. పక్కన పూలకుండీ కూడా వాళ్ళదే. మొహమొక్కటి నాది."

ఆవిడ నవ్వాపుకుంది. "స్నాతకోత్సవానికి వెళ్ళలేదా మరి?"

"ఆ రోజు పెళ్ళుంది. ఎవరిదో స్నాతకం చేయిస్తున్నాను. నా పట్టా పోస్టులో వచ్చింది."

"చిత్రమే. మీ శాస్త్రంలో స్నాతకమైతే బ్రహ్మచర్యం పోతుంది. యూనివర్సిటీలో స్నాతకమైతే బ్యాచిలరని రాసిస్తారు. నాకూ ఇచ్చారు, బ్యాచిలర్ ఆఫ్ ఎడ్యుకేషన్. మా స్టాఫ్ రూములో అదే వేళాకోళం, ఎనిమిదేళ్ళుగా." కాస్త ఆగి అడిగింది, "పెళ్ళి చేయించేటప్పుడు మీరు ముందు కూర్చుంటారా?"

ఎవరూ అడగని ప్రశ్న అది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు గానీ రాలేదు.

"వెనక. అరటిచెట్టు వెనక. నాన్నగారికి గొంతు లేదు. పెళ్ళి కాలేదు గనక ముందు కూర్చునే అర్హత నాకు లేదు."

"అయితే పెళ్ళయితే ముందుకొస్తారన్నమాట."

"ఆఁ."

"మరి మీ నాన్నగారెక్కడ కూర్చుంటారు?"

మార్కండేయులు జవాబు కోసం వసారా అంతా వెతికాడు. దూలం వైపు చూశాడు, కుండీలో తులసి వైపు చూశాడు. ఆరేళ్ళలో ఎప్పుడూ ఆ పీటని ఆ వైపు నుంచి చూడలేదతను. పీట ఒక్కటే. దాని మీద ఇద్దరు పట్టరు.

బయల్దేరేటప్పుడు శివరామశాస్త్రిగారు వీధి చివరిదాకా వచ్చారు. "మాకు ఇష్టమే బావగారూ. నా లెక్క ప్రకారం పొంతన బాగానే ఉంది, మీరూ ఒకసారి చూసుకోండి. ఇక్కడ పెళ్ళిళ్ళు చేయించే ఆయన పోయి ఏడాదైంది, చీరాల నుంచి పిలిపించుకుంటున్నాం. అబ్బాయి ఇక్కడే ఉంటానన్నా మాకు సంతోషమే. వచ్చే ఆదివారం ఒంగోలు నుంచి ఇంకో సంబంధం వాళ్ళొస్తామంటున్నారు. ఈలోగా మాట చెప్పండి."

జానకిరామయ్యగారు పెదవులు కదిపారు. ఏమన్నారో ఎవరికీ వినపడలేదు. కొడుకు అలవాటుగా గొంతు సవరించుకున్నాడు గానీ, ఏం చదవాలో తెలియక ఊరుకున్నాడు.

మంగళవారం పొద్దున వసారాలో కామేశ్వరమ్మ చాట ముందు పెట్టుకుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. జానకిరామయ్యగారు రెండు జాతకచక్రాలు ముందేసుకుని కూర్చున్నారు. ఇంట్లో ఆయన మాటలకి పలక ఉంది, బడిపిల్లలది, చెక్క అంచుది. చాలాసేపు వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, బలపం తీసుకుని రాసి, పలక తిప్పి చూపించారు.

"కుదరలేదు."

కామేశ్వరమ్మ చెయ్యి ఆగింది. మార్కండేయులు తండ్రి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"శివరామశాస్త్రిగారు బాగుందన్నారు గదా నాన్నగారూ. మీరు ఏ సిద్ధాంతం ప్రకారం చూశారు?"

తుడిచి రాశారు. "దృక్కు."

మార్కండేయులు ఆ మాట మళ్ళీ చదివాడు. పంచాంగం లెక్కల్లో నలభై ఏళ్ళుగా ఈయన పాత పద్ధతి, పూర్వ సిద్ధాంతం మనిషి. కొత్త లెక్కల దృక్కు పంచాంగం పట్టుకున్నవాడు ఎదురైతే ఇంటికొచ్చి తలంటుకునేవాడు. నిరుడు తెనాలి సంబంధాన్ని పూర్వ సిద్ధాంతం ప్రకారమే తిప్పికొట్టాడు. అప్పుడు వాళ్ళు దృక్కు ప్రకారం అద్భుతంగా కుదిరిందని మొత్తుకున్నారు. అంతకుముందు బాపట్ల సంబంధానికి మళ్ళీ దృక్కు. కొడుకు ఏనాడూ సరిచూడలేదు. తన జాతకం తను చూసుకోకూడదని, ఇంట్లో పెద్దాయన మాటే సిద్ధాంతమని నేర్పింది కూడా ఆయనే. గ్రహాలు పాపం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని ఒక్కో సంబంధానికి ఒక్కో గదిలోకి నడిపించింది ఈ వేళ్ళే.

"ఎందుకండీ వాడి మీద..." అంది కామేశ్వరమ్మ. తొడిమ తీసిన చేత్తో కళ్ళు తుడుచుకోబోయి, ఘాటు గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది.

"నాకు పెళ్ళయితే మీరెక్కడ కూర్చుంటారు నాన్నగారూ?" అన్నాడు మార్కండేయులు.

గట్టిగా అనలేదు. జానకిరామయ్యగారు తడిగుడ్డ తీసుకుని పలక తుడిచారు. ఒకసారి తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు. అంచులు, మూలలు, చెక్క మీద కూడా. బలపం పట్టుకున్నారు. ఏమీ రాయలేదు. ఆరిన పలకని ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే కొడుక్కి సులువయ్యేది. రైలు తప్పిపోతుందేమోనని భయపడే ముసలాయన చూపు అది.

బుధవారం వేటపాలేనికి ఫోన్ చేద్దామని ఎస్.టి.డి. బూత్ దాకా నడిచాడు మార్కండేయులు. గాజుతలుపు మీద చెయ్యేశాడు. ఏమని చెబుతాడు? వస్తానంటే, శుక్రవారం పందిట్లో ఊరందరి ముందూ పెదవులు కదుపుతూ మూగగా కూర్చునే మనిషి కళ్ళ ముందు కనపడ్డాడు. రానంటే, ఆదివారం ఒంగోలు వాళ్ళు కనపడ్డారు. లోపల ఎవరో పత్తి బేళ్ళ ధర గట్టిగా మాట్లాడుతున్నారు. ఆ మాటలు అయ్యేదాకా నిలబడి, అయ్యాక వెనక్కొచ్చేశాడు. గొంతు అరువివ్వడం పెద్ద కష్టమేం కాదు. దాని వెనకాలే తనూ వెళ్ళి కూర్చోవాల్సి రావడమే కష్టం.

శుక్రవారం పగటి ముహూర్తం. కల్లంలో కాయని ఒక మూలకి ఎత్తి పందిరి వేశారు. ఘాటు మాత్రం ఎత్తడానికి వీల్లేదు గనక అది పెళ్ళికి ఉండిపోయింది. మగపెళ్ళివారిలో సగంమంది ముహూర్తానికి ముందే కన్నీళ్ళు పెట్టుకున్నారు. వీడియో ఆయన అది కూడా తీశాడు.

అరటిచెట్టు, బియ్యం బస్తా, మైకు. మార్కండేయులు కూర్చున్నాడు. ముందు తండ్రి వీపు, వీపు మీద ఎడమచెయ్యి. స్నాతకం మొదలైంది. శ్రీకృష్ణకి కాటుక పెట్టారు, తలపాగా చుట్టారు, చేతికి గొడుగూ కర్రా ఇచ్చారు. బి.టెక్. చదివిన కుర్రాడు పాదుకలు వేసుకుని, కాలివేళ్ళ మధ్య కొయ్య గుచ్చుకుని అబ్బా అన్నాడు. కామేశ్వరమ్మ పళ్ళెంలో బెల్లం, కొబ్బరి సర్ది బావమరిది పక్కన నిలబడింది.

"కదలండి పెళ్ళికొడుకుగారూ! కాశీకే!" అని అరిచాడు బుల్లయ్య.

శ్రీకృష్ణ నడిచాడు. వీడియో ఆయన వెనక్కి నడిచాడు. ఇప్పుడు హారన్‌లోంచి పిలుపు రావాలి. బావమరిదికి చెప్పాల్సిన మాటలు తెలియవు గనక అయ్యవారే అతని తరఫున పిలుస్తారు: బ్రహ్మచర్యం చాలించండి, కాశీకి పోవద్దు, మా పిల్లనిస్తాం, వెనక్కి రండి అని. ఎన్ని వందల మందిని వెనక్కి పిలిచాడో మార్కండేయులు. అందరూ వచ్చారు. పెళ్ళిళ్ళు చేసుకున్నారు. కొందరి పిల్లలకి అక్షరాభ్యాసాలు కూడా తనే చేయించాడు, అరటిచెట్టు వెనక నుంచే.

నోరు తెరిచాడు. మూశాడు. బొటనవేలితో మైకు స్విచ్చి కిందికి నొక్కాడు.

నిశ్శబ్దం. జానకిరామయ్యగారి పెదవులు ఇంకా కదులుతున్నాయి. వీపు వెనక చూపుడువేలు ఆడింది. మళ్ళీ ఆడింది. పిడికిలి బిగిసింది, విడింది. చివరికి చెయ్యి బోర్లా తిరిగి, వేళ్ళు ముడుచుకుంటూ విచ్చుకుంటూ, ఏదో అడుక్కుంటున్నట్టు గాలిలో తడుముకుంది. ఆ గుర్తు వాళ్ళ మధ్య ఎప్పుడూ లేదు. అయినా మార్కండేయులుకి అర్థమైంది. తిరిగి చూడు నాన్నా, ఒక్కసారి తిరిగి నా మొహం చూసి అడుగు, చదివేస్తాను అనుకున్నాడు. తండ్రి తిరగలేదు. తిరిగితే ఆ గొంతు తనది కాదని జనం ముందు తనే ఒప్పుకున్నట్టవుతుంది.

పిలిచేవాడు లేక శ్రీకృష్ణ గొడుగేసుకుని పోతూనే ఉన్నాడు. కల్లం దాటాడు. వీడియో ఆయన మిరపకాయల కుప్పలో వీపు పెట్టి పడబోయాడు.

"ఒరేయ్, ఎవరన్నా ఆపండ్రా! నిజంగానే పోతున్నాడు!" అని యలమంద కేకేశాడు.

అప్పుడు హారన్ గరగరమంది. "బ్రహ్మచర్యం చాలించండి బావగారూ!" అని కంచు మోగినట్టు మోగింది.

మార్కండేయులు ఉలిక్కిపడ్డాడు. అది తన గొంతే. తన నోరు మూసే ఉంది. పక్కకి చూస్తే టేపురికార్డరు ముందు సైదా, బొటనవేలు పైకెత్తి కన్ను గీటాడు. "వైరు పోయినట్టుంది గదా. చౌడవరం క్యాసెట్టేశా. మీరు కంగారు పడమాకండి అయ్యగారూ, నేను చూసుకుంటా!"

పీట మీద జానకిరామయ్యగారు మొదటి మాటకే అందుకున్నారు. ఒక్క అక్షరం తప్పలేదు. పెదవులు క్యాసెట్టుతో కలిసి కదులుతున్నాయి. ఊపిరి పీల్చాల్సిన చోట రొమ్ము పైకి లేస్తోంది. వీపు వెనక చెయ్యి ఒళ్ళోకి వెళ్ళిపోయింది, ఇక దానికి పనిలేదు గనక.

మార్కండేయులు ఆ ఖాళీ వీపుని చూశాడు. తను లేకపోతే ఈయన ఏమైపోతాడోనని బూత్ దగ్గర నుంచి వెనక్కొచ్చాడు. ఏమీ కాలేదు. ఆయనకి కావలసింది కొడుకు కాదు, ఒక చప్పుడు. బస్తా మీద అన్నేళ్ళు కూర్చున్న కాళ్ళలోకి నెమ్మదిగా రక్తం వచ్చినట్టయింది.

మైకు బస్తా మీద పెట్టి లేచాడు. ఉత్తరీయం దులుపుకున్నాడు.

"సైదా, కన్యాదానం దగ్గర ఆపెయ్. నీ క్యాసెట్టులో చౌడవరం పెళ్ళికొడుకు గోత్రం, పేరూ వస్తాయి."

"ఆపితే? ఆ పేర్లు ఎవరు చెబుతారు?"

"నాన్నగారు చెబుతారు. ఈ మైకు తీసి ఆయన ముందు పెట్టు. ఆపాటి గొంతు ఆయనకుంది."

పందిరి పక్కగా బయటికొచ్చేసరికి కామేశ్వరమ్మ ఎదురైంది, చేతిలో పళ్ళెంతో. కొడుకు మొహం చూసింది, వాడి కాళ్ళు ఏ వైపు ఉన్నాయో చూసింది.

"అమ్మా, నేను..."

"చెప్పకు. చెబితే ఆపాలి." పళ్ళెంలోంచి బెల్లం ముక్క తీసి వాడి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "పెళ్ళికొడుక్కి ఇంకో ముక్క ఉందిలే. దారిలో తిను. ఖాళీ కడుపుతో బస్సెక్కితే తిప్పేస్తుంది."

మార్కండేయులు రోడ్డెక్కాడు. రెండు పక్కలా పత్తి ఏరేసిన మోళ్ళు, వాటి మీదుగా హారన్. "కాశీకి పోవద్దు బావగారూ! వెనక్కి రండి! మా పిల్లనిస్తాం, వెనక్కి రండి!" తన గొంతే తన వెనకపడి పిలుస్తోంది. ఎంత తియ్యగా ఉందో అతనికే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళూ లోపల నుంచి వినడమే గానీ బయట నుంచి ఎప్పుడూ వినలేదు. ఎవరైనా ఆగిపోయే గొంతు. దూరంగా శ్రీకృష్ణ ఆగి, గొడుగు ముడుచుకుని, నవ్వుకుంటూ వెనక్కి తిరిగాడు.

మార్కండేయులు ఆగలేదు.

పర్చూరు మీదుగా చీరాల పోయే బస్సు అలవాటు ప్రకారం ఆలస్యం. బస్టాండు అరుగు మీద పొగాకు బేరానికి వచ్చిన ఇద్దరు కూర్చున్నారు. బెల్లం ముక్క అరచేతిలో మెత్తబడుతోంది. మంత్రాలు సాగుతూనే ఉన్నాయి, నిరుటివి. బస్సు మలుపు తిరిగి కనపడేవేళకి హారన్‌లో టక్కుమని చప్పుడైంది. క్యాసెట్టు ఆగింది.

మార్కండేయులు లేచి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాడు, తనే చదవాల్సి ఉన్నట్టు.

అప్పుడొచ్చింది. ఎండు తొడిమ తుంచినట్టు, ఎండుటాకు మీద ఎండుటాకు రాసినట్టు. ముక్కలు ముక్కలుగా, మధ్యలో దగ్గుతో. పెళ్ళికొడుకు గోత్రం. తాత పేరు. తండ్రి పేరు. శ్రీకృష్ణ పేరు. ఒక్కోదానికీ ఊపిరి కూడదీసుకుని, ఊరంతా వినేటట్టు.

"ఏందయ్యా ఇది, మైకు చెడిపోయిందా?" అన్నాడు పొగాకు మనిషి.

"కాదండి," అన్నాడు మార్కండేయులు. "అది మా నాన్నగారి గొంతు."

బస్సు ఆగింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని బెల్లం నోట్లో వేసుకున్నాడు. కండక్టరు వచ్చి టిక్కెట్ల కట్ట తీశాడు.

"ఎక్కడికి పంతులుగారూ?"

"చీరాల. అక్కడ దిగి వేటపాలెం పోవాలి."

"ఒకటేనా?"

"పోయేటప్పుడు ఒకటే."